కొసరు శంఖం

నాగేశ్వరి కుళ్ళుబోతు. ఈ మాట అన్నది ఊళ్ళో వాళ్ళు కాదు, కట్టుకున్న మొగుడు త్రినాథరావే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చూసే త్రినాథరావు నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాడు కూడా, ఎదురు ఫ్లాట్ వాళ్ళ కుండీలో కరివేపాకు తమ కుండీలో దానికంటే ఏపుగా వచ్చిందని ఆవిడ వాళ్ళతో మాట్లాడటం మానేసిన వారంలో, "నీ కడుపుమంట మీద కూర వండుకుంటే గ్యాస్ కలిసొస్తుంది కదే" అన్నాడు. నాగేశ్వరికి కోపం రాలేదు. ఉన్నమాటే అన్నాడనుకుంది. నలభైకి దగ్గర పడుతోంది, తన సంగతి తనకి తెలియదా?

ఆ కుళ్ళు పుట్టింట్లోనే మొదలైంది. చీరాల అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లెపాలెం ఆమెది. తండ్రి ఏడాదిలో సగం పైగా ఒడిశా రేవుల్లో పడవ పనికి పోయేవాడు కనుక తల్లీ తనూ మేనమామ సీతారాములు ఇంట్లోనే ఉండేవాళ్ళు. మామకి ఇద్దరు కూతుళ్ళు. చేపల పులుసు వడ్డించేటప్పుడు ఎవరి కంచంలో ఎంత ముక్క పడిందో నాగేశ్వరి చూపుతోనే తూచేసేది. మామ అది కనిపెట్టాడు. కనిపెట్టి తిట్టలేదు. ప్రతిసారీ ఆమె కంచంలో ఇంకో చిన్న ముక్క వేసి, "ఇది కొసరు" అనేవాడు. దాంతో ఆమె ముడుచుకున్న మూతి విప్పి అన్నం కలుపుకునేది.

ఆ ఇంటి పద్ధతే అలాంటిది. ఆడపిల్లకి ఏది పంపినా నిండుగా పంపాలి, పైన కొసరు వెయ్యాలి. వెలితి డబ్బా పంపితే ఇంట్లోనే ఏదో వెలితి ఉందని నలుగురూ అనుకుంటారని వాళ్ళ భయం. పెళ్ళై దిల్‌సుఖ్‌నగర్ వచ్చాక నాగేశ్వరికి ఎండుచేపలు వచ్చినా, రొయ్యల పచ్చడి వచ్చినా, మూత పట్టక తాళ్ళతో బిగించి ఉండేది. తెల్లారగట్ల ఎల్‌బీ నగర్‌లో బస్సు దగ్గర ఆ డబ్బా దింపించుకుని ఆటోలో తెచ్చి మెట్లెక్కుతూ, ఎదురు ఫ్లాట్ ఆవిడ తలుపు తీసి చూడాలని కావాలనే చప్పుడు చేసేది.

డిగ్రీలో జంతుశాస్త్రం చదివింది. కొన్నాళ్ళు ఇంటి దగ్గరే ఒక రక్తపరీక్షల సెంటర్‌లో సూదులు గుచ్చి, ఆ తర్వాత సాగర్ రోడ్డు మీద బీఎన్ రెడ్డి నగర్ దాటాక ఉన్న చిన్న పరిశోధన సంస్థలో టెక్నీషియన్‌గా కుదురుకుంది. పేరు చెప్పినా ఎవరికీ తెలియని సంస్థ. కింద టైల్స్ షాపు, పైన వీళ్ళు. దాని పెద్ద ప్రసన్నకుమార్ సార్, ఆయన పట్టుకున్న పని శంఖాలు.

గుడిలో పూరించే శంఖమే. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి దగ్గర కొట్లలో వరసగా పేర్చి అమ్మేది కూడా అదే. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ పట్టించుకోరు గానీ, అది సముద్రంలో బతికే ఒక పెద్ద నత్త కట్టుకున్న ఇల్లు. మాంసం కోసం, గుల్ల కోసం దాన్ని తరతరాలుగా పడుతూనే ఉన్నారు. సార్‌కి కావలసిందల్లా ఒక్క ప్రశ్నకి జవాబు. దక్షిణాదిన తమిళుల తీరంలో దొరికే శంఖాలూ, మన ఆంధ్రా తీరంలో దొరికేవీ ఒకటే బలగమా, లేక దేని వంశం దానిదేనా? ఒకటే బలగమైతే ఇక్కడ తగ్గినా అక్కడి నుంచి వచ్చి నిండుతాయి. వేరైతే మాత్రం ఇక్కడ అయిపోయినవి అయిపోయినట్టే. చేపపిల్లల్లా శంఖం పిల్లలు నీళ్ళలో కొట్టుకుపోవు. గుడ్లు ఎక్కడ పెడితే అక్కడే పుట్టి, పాకినంత మేరే తిరుగుతాయి. కాబట్టి వేరే అయి ఉంటాయని సార్ అంచనా. ఒక్కో శంఖం నుంచి బియ్యపుగింజంత మాంసం తీసి, స్పిరిట్‌లో వేసి, అందులోంచి డీఎన్‌ఏ లాగి పోల్చి చూస్తే తేలిపోతుంది. ఆ లాగే పని నాగేశ్వరిది.

చేరిన కొత్తలో ఆమె వైభోగం చూడాలి. ఆ ఆఫీసులో సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి ఆమె ఒక్కతే. పోటు ఎప్పుడొస్తుంది, శంఖం ఏ నేలలో ఉంటుంది, ఏ వలకి పడుతుంది, సార్ అన్నీ ఆమెనే అడిగేవాడు. ఎవరు వచ్చినా "సముద్రం సంగతి మా నాగేశ్వరిని అడగండి" అని చూపించేవాడు. పదిమందిలో ఆ మాట వినబడినప్పుడు ఆమెకి మామ కొసరు ముక్క వేసినంత తృప్తిగా ఉండేది.

ఆ తృప్తికి ఎసరు పెట్టడానికి స్వరూపరాణి వచ్చింది.

స్వరూపరాణిది తుర్కయంజాల్. ముప్పై ఏళ్ళు లేవు. ఎమ్మెస్సీ చదివింది, తండ్రికి రెండు బర్రెలున్నాయి, చేరేనాటికి సముద్రం అనేదాన్ని ఫోన్‌లో తప్ప చూడలేదు. శంఖాన్ని మొదటిసారి మాంసంతో సహా చూసి "అమ్మో, గిది కదులుతది" అని వెనక్కి జరిగింది. నాగేశ్వరి నవ్వి, దగ్గర కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పింది. అదే తను చేసిన పొరపాటని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో. ఆ పిల్లకి ఆర్నెల్లు తిరక్కుండా చెయ్యి తిరిగిపోయింది. నాగేశ్వరి లాగిన డీఎన్‌ఏ పదింట్లో రెండు పాడైతే, ఆ పిల్లది ఒక్కటీ పాడయ్యేది కాదు. "అక్కా, అక్కా" అంటూ టిఫిన్ డబ్బాలో సర్వపిండి తెచ్చి పెట్టేది కూడాను. తిట్టడానికి కూడా ఏమీ దొరకని మనిషి పక్కన కూర్చోవడం ఎంత నరకమో నాగేశ్వరికి అప్పుడు తెలిసింది.

అసలు మంట దక్షిణాది ప్రయాణంతో రేగింది. తమిళ తీరంలో శంఖాలు ఏరుకురావడానికి ఒక మనిషిని పంపాలన్నారు. తననే పంపుతారని నాగేశ్వరి కొత్త చెప్పులు కూడా కొనుక్కుంది. ఇంట్లో పిల్లల పరీక్షలున్నాయి కదా, మీకెందుకు ఇబ్బంది అని సార్ స్వరూపని పంపాడు. ఆ పిల్ల వెళ్ళి, మూడు రేవుల నుంచి ఒక్కోచోట ముప్పై చొప్పున ఒక్కటీ తగ్గకుండా తెచ్చింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులా శంఖాలు పట్టుకుని నవ్వుతున్న ఫోటోని సార్ గోడకి అంటించాడు. ఆ తర్వాత ఎవరో వచ్చి సముద్రం సంగతేదో అడిగితే, "స్వరూపని అడగండి, ఈమధ్యే చూసొచ్చింది" అన్నాడు.

నాగేశ్వరికి తల కొట్టేసినట్టయింది. సముద్రం తనది, చూసొచ్చింది ఆ పిల్లా? వారం ముందు చూసినదానికీ, పుట్టిన దగ్గర్నుంచి విన్నదానికీ ఒకటే విలువా? ఆ సాయంత్రం ఇంటికొచ్చి కొత్త చెప్పుల్ని మంచం కిందకి తన్నింది.

దానికి తోడు ఇంకో మాట బయటికొచ్చింది. ఈ పని ముగిశాక మొదలయ్యే తర్వాతి ప్రాజెక్టులో టెక్నీషియన్ ఉద్యోగం ఒక్కటే ఉంది. ఇద్దరిలో ఒకరే మిగులుతారు. ఎవరన్నది సార్ చెప్పలేదు. చెప్పకపోయినా గోడ మీద ఫోటో చెబుతూనే ఉంది.

ఇక ఆంధ్రా తీరం శంఖాలు మిగిలాయి. వాటికి ఎవరూ ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదనీ, తన మేనమామ సొంత చేత్తో పట్టి పంపుతాడనీ నాగేశ్వరి మాటిచ్చేసింది. మామకి ఫోన్ చేసి ముప్పై కావాలంది. ఒక్కటి తగ్గినా కుదరదంది. "ఇక్కడ ఒక పిల్ల నా నెత్తినెక్కి కూర్చుంది మామయ్యా. ముప్పై రాకపోతే నా పరువు పోతుంది" అని కళ్ళనీళ్ళ పర్యంతమైంది. పరువు అన్న మాట విన్నాక సీతారాములు ఇంకేమీ అడగలేదు. చూస్తాలే అమ్మా అని ఫోన్ పెట్టేశాడు.

కొంచెం ఆలస్యమైనా డబ్బా వచ్చింది. పెద్ద థర్మోకోల్ డబ్బా, మూత మీద నాలుగు వరసల తాడు. ఎల్‌బీ నగర్‌లో బస్సు క్లీనర్ దాన్ని దించుతూ ఇందులో ఏం రాళ్ళు వేశారమ్మా అని విసుక్కుంటే నాగేశ్వరి మురిసిపోయింది. ఇంటికి తెచ్చి వంటింట్లో విప్పి లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. మామ కొసరు మరిచిపోలేదు. కాఫీ తాగుతూ చూసిన త్రినాథరావు, ఇవి కొన్ని పొట్టిగా కొన్ని సన్నగా ఉన్నాయేమిటే అన్నాడు. సముద్రంలో ఉన్నవి అచ్చుపోసినట్టు ఉంటాయా, నీ లెక్కలు నువ్వు చూసుకో అని అతని నోరు మూయించింది.

ముప్పై ఒక్కటిలోనూ మాంసం తీసుకున్నాక, ఆ ఆఖరి, ముప్పై ఒకటో శంఖాన్ని మాత్రం సున్నితంగా కడిగి, కొబ్బరినూనె రాసి, ఆఫీసులో తన బల్ల మీద స్వరూప కళ్ళకి ఎదురుగా పెట్టింది. ఎవరైనా అడిగితే మా ఇంటి కొసరు అని చెప్పేది. స్వరూప కూడా దాన్ని చేతిలోకి తీసుకుని "మస్తుగుంది అక్కా" అంది. ఆ కంట్లో ఇసుమంత కుళ్ళు కనబడుతుందేమోనని నాగేశ్వరి ఎంత వెతికినా కనబడలేదు. దాంతో ఇంకా ఒళ్ళు మండింది.

కొన్ని నెలలకి ఫలితం బొమ్మగా వచ్చింది. ఒక్కో శంఖానికి ఒక్కో నిలువు గీత. దక్షిణాది వంశం నీలం, మన తీరం వంశం నారింజ. తమిళ తీరం గీతలన్నీ ఒక్క మచ్చ లేకుండా నీలం. సీతారాములు పంపిన ముప్పై ఒక్కటిలో పన్నెండే నారింజ. మిగతా పందొమ్మిదీ నీలమే.

ప్రసన్నకుమార్ సార్ కుర్చీలోంచి లేచాడు. తన అంచనా తప్పినందుకు ఏ పరిశోధకుడూ అంత సంబరపడి ఉండడు. రెండు తీరాలకీ రాకపోకలున్నాయనీ, పాకే శంఖం అంత దూరం ఎలా వచ్చిందో తేల్చితే పెద్ద వ్యాసమవుతుందనీ అన్నాడు. శంఖాలు నిజంగా అక్కడివేనా అని ఒకసారి అడిగాడు. మా మామయ్య చేత్తో కట్టిన డబ్బా సార్, అనుమానం అక్కర్లేదు అంది నాగేశ్వరి. మీ డబ్బాతో మన పని మలుపు తిరిగింది, తర్వాతి ప్రాజెక్టులో మీరు తప్పకుండా ఉండాలి అని అందరి ముందూ అన్నాడు సార్. నాగేశ్వరి తల తిప్పి స్వరూప మొహం చూసింది. చూడకుండా ఎలా ఉంటుంది? దానికోసమే కదా ఇన్నాళ్ళు పళ్ళ బిగువున ఓర్చుకుంది.

స్వరూప చూపు బొమ్మ మీదే ఉంది. గీతలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి నోరు విప్పింది.

"సార్, వాళ్ళూ వీళ్ళూ ఒక్కకాడ బతుకుతుంటే, ఇద్దరికి పుట్టిన పిల్లలుండాలె కద. సగం నీలం, సగం నారింజ. గసొంటిది ఒక్క గీత గూడ లేదు. ఏదున్నా నిండుగ నీలం, లేకుంటె నిండుగ నారింజ. అక్కా, ఏమనుకోకు, మీ మామను మళ్ల ఒక్కసారి అడుగుదమా? ఏడ పట్టిండో, ఎట్ల తెచ్చిండో."

నాగేశ్వరి భగ్గుమంది. తన పుట్టింటి డబ్బా మీద అనుమానమా? ఆ పిల్ల లోపల దాచుకున్న కుళ్ళు ఇన్నాళ్ళకి బయటపడిందనుకుంది. అడుగుతాను, నీ ఎదురుగానే వినిపిస్తాను అని గట్టిగా అనేసి బయటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల పక్కన, మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి వెనక కాస్త సందడి తక్కువ ఉన్నచోట నిలబడి మామకి ఫోన్ చేసింది. మాటలు రికార్డయ్యేలా ముందే నొక్కి పెట్టింది. రేపు సార్ ముందు పెట్టి వినిపిస్తే స్వరూప నోరు జన్మలో లేవదు. మామయ్యా, ఆ శంఖాలు ఎక్కడ పట్టావో, ఎలా పట్టావో వివరంగా చెప్పు అంది.

సీతారాములుకి చెప్పుకోవడానికి అంతకంటే ఇష్టమైన సంగతి లేదు.

"అదంతా ఓ కతమ్మా. మన కాడ శంఖాలు యాడున్నాయే ఇప్పుడు? ఎన్నాళ్ళు తిరిగినా పన్నెండు దొరికినయ్యి. నువ్వు చూస్తే ముప్పై అంటివి, పరువంటివి. పన్నెండు పెట్టి పంపితే నా మొఖం ఏడ పెట్టుకోను? రేవు కాడ శంఖాలు కొనే షావుకారు లేడూ, ఆయనకి అరవ దేశం నుంచి ఐసు లారీలో వస్తాయి. దాంట్లోంచి మనవాటికి సైజు కలిసేవి ఏరి పెట్టా. కొసరుతో సహా. నిన్ను ఒకళ్ళ ముందు తక్కువ చేసి పంపుతానా నేను?"

సరే మామయ్యా, ఆరోగ్యం జాగ్రత్త అని నాగేశ్వరి ఫోన్ పెట్టేసింది. కాలుతున్న పొత్తుల పొగ కళ్ళలోకి పోతున్నా అక్కడే నిలబడిపోయింది. మామ మీద కోపం తెచ్చుకుందామన్నా వీల్లేకపోయింది. ముప్పై అని పట్టుబట్టింది ఎవరు? ఆ పిల్ల ముప్పై తెచ్చిందన్న ఏడుపుతో తనే కదా. ఫోన్‌లో ఆ రికార్డు ఉంది. తీసేస్తే తనకీ మామకీ తప్ప మూడో మనిషికి తెలియదు. మామకి కూడా, తను చేసింది మంచిపనే అని తప్ప ఇంకేమీ తెలియదు. ఉద్యోగం తనది. తీసెయ్యాలనే నిశ్చయించుకుని మెట్రో ఎక్కింది. కానీ దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేటప్పటికి కూడా తీసెయ్యలేదు. ఇంట్లో అడిగితే మామ కులాసాగానే ఉన్నాడని చెప్పింది.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళింది. మామ వేటకి వెళ్ళాడనీ, ఫోన్ కలవలేదనీ అబద్ధం ఆడింది. స్వరూప సరేనక్కా అని తన పని తను చూసుకుంది. సార్ మాత్రం ఆగేట్టు లేడు. రాసిన వ్యాసంలో ఒక పేరా అందరికీ చదివి వినిపించాడు. ఉత్తరాన ఆంధ్రా తీరం శంఖాలకి దక్షిణాది బలగమే ఆధారం, అక్కడి నుంచి వచ్చే శంఖాలతోనే ఈ తీరం నిండుతోంది, కాబట్టి ఇక్కడ వేటని ఇప్పట్లో ఆపనక్కర్లేదు అని దాని సారాంశం. చదివి, స్వరూప వైపు తిరిగి నవ్వుతూ, "నువ్వు తెచ్చిన శంఖాలే మా నాగేశ్వరి గారి సముద్రానికి పుట్టిల్లన్నమాట" అన్నాడు.

ఆయన సరదాకే అన్నాడు. నాగేశ్వరికి మాత్రం అది ముల్లులా దిగింది. ఏమిటీ? తన పాలెం ముందున్న సముద్రానికి ఆ పిల్ల పట్టుకొచ్చినవి పుట్టిల్లా? తనవి వాటి ముందు చెయ్యి చాపి బతుకుతున్నాయా? ఇంతకాలం సముద్రాన్ని ఆ పిల్ల తన నోట్లోంచి లాక్కుంది సరే, ఇప్పుడు తన తీరంలో పుట్టిన నత్తల వంశాన్ని కూడా లాక్కుంటుందా? ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్న లెక్క ఆ క్షణంలో గుర్తుకే రాలేదు. గుర్తొచ్చిందల్లా ఆ పన్నెండు నారింజ గీతలు. ఒక్క నీలం చుక్క కలవని గీతలు. అవి తనవి. వాటిని ఎవరి వాకిట్లోనో నిలబెట్టడానికి ఆమెకి మనసొప్పలేదు.

నిజం చెప్పడానికి జనం గొప్ప గొప్ప కారణాలు చెప్పుకుంటారు. నాగేశ్వరి చేత చెప్పించింది మాత్రం శుద్ధమైన కుళ్ళు. తన బల్ల మీది కొసరు శంఖాన్ని తీసుకెళ్ళి సార్ బల్ల మీద పెట్టింది. "ఇది మాది కాదు సార్. మిగతా పద్దెనిమిదీ మావి కావు. మా శంఖాలకి ఎవరూ పుట్టిల్లు కాదు" అంది. అని, ఫోన్ తీసి సీతారాములు మాటల్ని మొదటి నుంచి చివరిదాకా వినిపించింది. నా మొఖం ఏడ పెట్టుకోను అని మామ గొంతు గది నిండా వినిపిస్తుంటే తను మాత్రం కిటికీలోంచి టైల్స్ షాపు ముందు ఆగిన ట్రాలీ ఆటోని చూస్తూ నిలబడింది.

సార్ చిన్న గొంతుతో, అయితే వ్యాసం మళ్ళీ రాయాలి అన్నాడు. పందొమ్మిది గీతలూ తీసేస్తే మిగిలిన బొమ్మలో రెండు రంగులూ నూనే నీళ్ళలా విడివిడిగా ఉన్నాయి. ఆయన మొదటి అంచనాయే నిజం. దేని వంశం దానిదే. నాగేశ్వరి ఆ బొమ్మని చూసి, అంత అవమానంలోనూ లోలోపల కాస్త మీసం మెలేసింది.

తర్వాతి ప్రాజెక్టు ఉద్యోగం స్వరూపకి ఇచ్చారు. అనుమానం రావలసినచోట వచ్చిన మనిషికి ఇవ్వడం న్యాయమే. నాగేశ్వరికీ అది తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా? ఆ రోజు మధ్యాహ్నం స్వరూప ఆమె పక్కన కూర్చుని సర్వపిండి ముక్క ముందుకి జరిపి, "నీ జాగల నేనుంటే ఆ మాటలు వినిపిస్తుంటినో లేదో అక్కా, నాకు తెల్వది" అంది. గర్వంగా అన్నా, జాలిగా అన్నా బాగుండేది. మనస్ఫూర్తిగా అంది. ఆ మనసు కూడా ఆ పిల్లకే ఇచ్చాడే దేవుడు అని నాగేశ్వరి ఏడ్చుకుంటూనే సర్వపిండి తినేసింది.

పన్నెండు శంఖాలతో వ్యాసం నిలవదనీ, మన తీరానివి ఇంకా కావాలనీ సార్ అన్నాడు. నెలాఖరుకి నాగేశ్వరి మానెయ్యాలి. పోయేముందు ఆ ఒక్క పనీ చేసి వెళతానని తనే అడిగి ఒప్పించింది. మామకి ఫోన్ చేసి, ఈసారి లెక్క వద్దంది. మన వలలో పడ్డవి మాత్రమే, ఎన్నయితే అన్నే, బయటిది ఒక్కటి కలిపినా నా మీద ఒట్టే అంది. సీతారాములు ఎందుకని అడగలేదు. సరేనన్నాడు గానీ ఆ సరేలో మునుపటి హుషారు లేదు.

రోజులు గడిచాయి. అడిగినప్పుడల్లా ఇంకా చూస్తున్నా అనేవాడు. నెలాఖరు ముంచుకొచ్చాక, ఒకనాటి సాయంత్రం తనే ఫోన్ చేశాడు. డబ్బా బస్సెక్కించానన్నాడు. ఇంకేదో చెప్పాలని నసుగుతున్నాడు.

"మూడు పడవలోళ్ళని అడిగాను. ఎక్కడెక్కడో వేశాం వలలు. నీ చిన్నప్పుడు ఇయ్యి పడితే వల బరువై లాగలేక తిట్టుకునేవోళ్ళం, నువ్వు చూశావుగా. ఏమనుకోమాకమ్మా. ఈ ఇంటి నుంచి నీకు డబ్బా వెలితిగా పంపడం ఇదే మొదలు."

తెల్లవారి ఎల్‌బీ నగర్‌లో చీరాల బస్సు ఆగేసరికి స్వరూప కూడా వచ్చి ఉంది. బరువుంటుంది కదా, పట్టుకుందామని తుర్కయంజాల్ నుంచి మొదటి బస్సుకే వచ్చింది. ఎప్పటి క్లీనరే. ఎప్పటిలా విసుక్కోలేదు. డబ్బాని ఒక్క చేత్తో అందించి వెళ్ళిపోయాడు. నాగేశ్వరి దాన్ని అందుకుంటూ తూలింది. బరువు ఉంటుందని రెండు చేతులూ బలంగా చాచింది మరి.

మెట్రో మెట్ల కింద దించి తాడు విప్పారు. మూత తేలిగ్గానే వచ్చేసింది. నిండా ఐసు. స్వరూప చేత్తో ఐసు తోడుతూ ఒక మూల నుంచి ఇంకో మూలకి వెతికింది. రెండు శంఖాలు దొరికాయి. రెండూ పొట్టివే, ఆ పన్నెండు నారింజ గీతల శంఖాల్లాగే. ఇంకా ఉంటాయేమోనని అడుగుదాకా తడిమింది. చేతులు ఎర్రబడ్డాయి.

నాగేశ్వరికి సార్ మొదట్లో చెప్పిన మాట అప్పుడు అర్థమైంది. వేరైతే, ఇక్కడ అయిపోయినవి అయిపోయినట్టే. ఇన్నాళ్ళూ ఎవరితోనూ కలవని వంశం తమదని ఎంత మిడిసిపడింది. ఎవరితోనూ కలవలేదు కనుకే ఇప్పుడు వచ్చి నింపేవాళ్ళు ఎవరూ లేరు. నీలం గీతల్లో ఒక్కటైనా నిజమై ఉంటే బాగుండునని, బతుకులో మొదటిసారి, పక్కవాళ్ళది తన దాంట్లో కలిసి ఉంటే బాగుండునని అనుకుంది.

స్వరూప ఆ రెంటినీ అరచేతుల్లో పట్టుకుని పైకి చూసింది.

"గింతేనా అక్కా?"

"ఇంతే," అంది నాగేశ్వరి. "రెండూ మావే."